పొరుగు పిక్సెళ్ల గణితం: డిజిటల్ చిత్రాల పరిమాణ మార్పు చరిత్ర

ఫిల్మ్ కాలంలో ఫోటోను పెద్దది చేయాలంటే ఎన్‌లార్జర్‌లో నెగెటివ్‌ను అమర్చి, కాంతిని ప్రసరింపజేసి, కాగితం నుంచి దాని తలను పైకి జరిపి తిరిగి ఫోకస్ కుదిర్చేవారు. లెక్క చేయవలసిన పనిని కటకమే చేసేది. డిజిటల్ చిత్రానికి ఆ సౌలభ్యం లేదు. అది పిక్సెళ్ల, అంటే వెలుగునూ రంగునూ సంఖ్యలుగా నమోదు చేసిన గళ్ల, పట్టిక మాత్రమే కనుక, గళ్ల సంఖ్య పెంచినప్పుడు కొత్త గళ్లలో ఏ విలువ రాయాలన్న ప్రశ్న తప్పనిసరిగా ఎదురవుతుంది.

1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ బృందం సియాక్ కంప్యూటర్‌లోకి ఎక్కించిన తొలి స్కాన్ చిత్రం, అడ్డంగా 176, నిలువుగా 176 గళ్లలో ఇమిడిన కిర్ష్ పసికొడుకు ఫోటో. ఇంత చిన్న పట్టికను విస్తరించడానికి అతి సులువైన మార్గం దగ్గరి పిక్సెల్ విలువనే కొత్త గడిలో తిరిగి రాయడం; దీన్నే నియరెస్ట్ నైబర్ అంటారు. ఈ పద్ధతిలో ఏటవాలు గీతలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. చుట్టూ ఉన్న నాలుగు పిక్సెళ్ల విలువలను దూరాన్ని బట్టి సగటు చేసే బైలీనియర్ పద్ధతిలో మెట్లు తగ్గుతాయి కానీ చిత్రం మసకబారుతుంది. తెలిసిన విలువల మధ్య తెలియని విలువను లెక్కగట్టే ఇలాంటి ప్రక్రియలకు గణితంలో అంతర్వేశనం అని పేరు.

ఈ గణితానికి పదును పెట్టినవారిలో ఫోటోగ్రాఫర్లకంటే భూపరిశీలకులే ముందున్నారు. 1972లో ప్రయోగించిన తొలి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం నేలను వరుసవరుసగా స్కాన్ చేస్తుండగా కింద భూమి తిరుగుతూనే ఉండటంతో చిత్రాలు పక్కకు వాలేవి. వాటిని పటానికి సరిపోయేలా సవరించినప్పుడు కొత్త గడులు పాత పిక్సెళ్ల నడుమ పడేవి కాబట్టి ప్రతి విలువనూ మళ్లీ లెక్కించవలసి వచ్చేది. రీశాంప్లింగ్ అనే ఈ పని కోసం, 16 పొరుగు పిక్సెళ్లను ఘన సమీకరణంతో తూచే క్యూబిక్ కన్వల్యూషన్ పద్ధతి రూపుదిద్దుకుంది. 1981లో రాబర్ట్ కీస్ దాని గణిత పునాదిని విశదీకరించారు. 1979లో షాద్‌నగర్‌లో నెలకొల్పిన కేంద్రం ల్యాండ్‌శాట్ సంకేతాలను అందుకోసాగడంతో, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీకి కూడా ఇటువంటి సవరణలు నిత్యకృత్యమయ్యాయి.

1988లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన డాన్ మిచెల్, అరుణ్ నేత్రావళి ఇలాంటి ఘన సూత్రాల ఫలితాలను చూపరుల చేత పోల్పించి, మసకనూ, అంచుల వెంట ఏర్పడే దొంగ వలయాలనూ, మెట్లనూ ఒకేసారి పూర్తిగా తొలగించే సూత్రం లేదనీ, వాటి మధ్య రాజీ మాత్రమే సాధ్యమనీ తేల్చారు. థామస్ నోల్, జాన్ నోల్ సోదరులు రూపొందించగా అడోబ్ 1990లో విడుదల చేసిన ఫోటోషాప్ ద్వారా ఈ ఘన పద్ధతి బైక్యూబిక్ పేరుతో సామాన్య వినియోగదారుల చేతికి వచ్చింది. చిత్రాన్ని కుదించేటప్పుడు సమస్య వేరు: కొన్ని పిక్సెళ్లను ఊరికే వదిలేస్తే చీర అంచులోని సన్నని గళ్ల వంటి చోట్ల లేని చారలు పుడతాయి కనుక, ముందు సగటు చేసి ఆపై తగ్గించాలి. 2003 నాటి ఫోటోషాప్ సీఎస్‌లో పెంచడానికి నునుపైన, తగ్గించడానికి పదునైన బైక్యూబిక్ రకాలను వేరుచేయడానికి ఈ తేడాయే కారణం.

ఈ సూత్రాలన్నీ పొరుగు విలువలనుంచే కొత్త విలువను రాబడతాయి తప్ప కెమెరా నమోదు చేయని వివరాన్ని తెచ్చిపెట్టలేవు. 2014 తర్వాత విస్తరించిన న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతులు ఆ హద్దును దాటి, వేలాది ఉదాహరణల నుంచి నేర్చుకున్న పోలికతో వెంట్రుకలనూ ఆకుల ఈనెలనూ కల్పించి చేరుస్తాయి. పెళ్లి ఫోటోకు ఆ కల్పన శోభనివ్వవచ్చు. పంట భూమినీ బీడునూ వేరుచేసే ఉపగ్రహ పటాలకు మాత్రం కొలిచిన సంఖ్య మారకుండా ఉండటమే ముఖ్యం కనుక, అక్కడ నేటికీ మొరటైన నియరెస్ట్ నైబర్‌నే ఎంచుకుంటారు.