పి.గన్నవరం ఎక్కడికి పోయింది?

మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసినవాళ్ళకి ఈ బాధ కొత్తేం కాదు. నేర్చుకునే రోజుల్లో టెస్ట్ డేటాకి మా కోనసీమ పేర్లే ఇంగ్లీషులో కొట్టాను: అమలాపురం, కొత్తపేట, రాజోలు, పి.గన్నవరం (విమానాలు దిగే గన్నవరం వేరండోయ్). ఆ చివరిదాంట్లో 'పి' చిన్నక్షరంలో పడింది. ఒక కాపీని ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్లో, హెక్స్ ఆన్‌లో ఉండగా సార్ట్ చేశా. ఇంకో కాపీని పీసీలో సార్ట్ చేసి పైకి ఎక్కించా. రెండిటినీ పోల్చే కోబాల్ ప్రోగ్రాం నడిపితే, పి.గన్నవరం మొదటి ఫైల్లో ఉంది, రెండోదాంట్లో లేదని ఒక లైను. రెండోదాంట్లో ఉంది, మొదటిదాంట్లో లేదని ఇంకో లైను! ఊరేమో రెండిట్లోనూ ఉంది.

తప్పు ప్రోగ్రాంది కాదు. 1964లో ఐబీఎం సిస్టం/360తో వచ్చిన ఈబీసీడిక్‌లో ముందు చిన్నక్షరాలు, తర్వాత పెద్దవి, ఆఖర్న అంకెలు. ఆస్కీలో సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఇదంతా పంచ్ కార్డుల చలవ. కార్డు మీద పెద్దక్షరమంటే రెండు చిల్లులు: ఒకటి జోన్‌ది, ఒకటి అంకెది. ఏ నుంచి ఐ దాకా 12 జోన్, జె నుంచి ఆర్ దాకా 11, ఎస్ నుంచి జెడ్ దాకా 0. అంకెకి ఒక్క చిల్లే. ఆ గుంపులే అలాగే కోడ్‌లోకి దిగాయి. ఐకీ జెకీ మధ్య, ఆర్‌కీ ఎస్‌కీ మధ్య ఖాళీలు అందుకే.

ఇంకో తిరకాసు. అదే ఎడిటర్లో హెక్స్ ఆఫ్‌లో ఉంటే సార్ట్ కమాండు కోడ్ చూడదు, ఆ భాషకి పెట్టిన క్రమాన్ని చూస్తుంది. హెక్స్ ఆన్ చేస్తే కోడ్ క్రమం. కమాండు ఒకటే, జవాబులు రెండు కావచ్చు! ఇది తెలియక నేను పోగొట్టుకున్నది టెస్ట్ డేటాలో ఒక ఊరు. అదే పెన్షన్ల ఫైలయితే?

మన తెలుగు మాత్రం తక్కువ తిందా? యూనికోడ్ మన లిపుల అమరికని 1988 ఇస్కీ నుంచి తెచ్చుకుంది. అక్కడ ర పక్కనే ఱ, ల పక్కనే ళ. బళ్ళో మనం నేర్చుకున్నది హ తర్వాత ళ, క్ష, ఱ. క్షకి అసలు సొంత కోడే లేదు, క గుంపులో కలిసిపోతుంది. సున్నా అయితే అచ్చులన్నిటికంటే ముందే కూర్చుంది. కోడ్ నంబరు భాషా క్రమం కాదని, సార్టింగ్‌కి వేరే పట్టిక వాడమని యూనికోడ్ వాళ్ళే చెప్తారు. ఎంతమంది వాడుతున్నాం?

మొన్న నాలుగు మండలాలతో చూశా. ఇంగ్లీషులో అయినవిల్లి, అల్లవరం, అమలాపురం, అంబాజీపేట. తెలుగులో ఉత్త కోడ్ నంబర్లతో సార్ట్ చేస్తే అంబాజీపేట, అమలాపురం, అయినవిల్లి, అల్లవరం. అంబాజీపేట వాళ్ళూ, మీకు కొబ్బరితో పాటు ఇదొకటి కలిసొచ్చింది.