పశ్చిమ డెల్టాలో ఊక, గడ్డి, బూడిద

బెజవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తయి, కృష్ణ కుడిగట్టు కాలువలు తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణులకు నీరందించిన తరువాత ఈ నేల వరికే అంకితమైంది. ధాన్యంతో పాటే గడ్డి, తవుడు, ఊక కూడా పెరిగాయి. అయితే దంపుళ్ళ కాలంలో వీటిలో పారబోయవలసినది దాదాపు లేదు: గడ్డి వామికెక్కి పశువులకు మేతయ్యేది, తవుడు కుడితిలో కలిసేది, ఊక గోడల మట్టిలోకి, ఇటుక బట్టీలోకి, ఊక పొయ్యిలోకి పోయేది.

ఊకను గుట్టలుగా పోసి సమస్యగా మార్చినవి మిల్లులు. 1899 నాటికి మద్రాసు, బెజవాడల నడుమ రైలుమార్గం కలిసి, 1916లో రేపల్లె శాఖ తెరుచుకోవడంతో డెల్టా బియ్యం దూరపు అంగళ్ళకు చేరసాగింది. ధాన్యం బరువులో సుమారు ఐదో వంతు ఊకే గనుక, వంద క్వింటాళ్ళు ఆడించిన చోట ఇరవై క్వింటాళ్ళ ఊక మిగిలేది. దీనికి జవాబు బర్మా రేవుల్లోని మిల్లులు పందొమ్మిదో శతాబ్దంలోనే కనిపెట్టాయి. అక్కడ ఊకనే బాయిలర్లలో కాల్చి, ఆ ఆవిరితోనే యంత్రాలు తిప్పారు. పంటవ్యర్థాల నుంచి ఇంధనం అనేది ఇప్పుడు కొత్త ఆలోచనగా ప్రచారమవుతున్నా, దాని తొలి ప్రయోగశాలల్లో బియ్యపు మిల్లు ఒకటని చెప్పడం సబబు.

అయినా పాత హల్లర్ మిల్లులో ఊక ముక్కలై తవుడుతో కలిసిపోయేది. ఆ మిశ్రమం నుంచి నూనె తీయడమూ కష్టమే, దాన్ని శుభ్రమైన ఇంధనంగా వాడడమూ కష్టమే. బియ్యపు మిల్లుల నియంత్రణకు 1958లో కేంద్రం చేసిన చట్టం, ఆ తరువాత వచ్చిన ఆధునికీకరణ నిబంధనలు రబ్బరు రోలర్ల షెల్లర్లకు దారితీశాయి. ఇవి ఊకను విడిగా, తవుడును విడిగా ఇస్తాయి. ఈ వేరుపాటు లేకుంటే తవుడు నూనె పరిశ్రమ ఈ స్థాయికి వచ్చేది కాదు, ఊకకు ఇంధనంగా నిలకడైన ధర పలికేది కాదు. బాపట్లలో 1945లో వెలసిన వ్యవసాయ కళాశాల, తదుపరి కాలంలో అక్కడ ఏర్పడిన వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల, కోత అనంతర సాంకేతిక కేంద్రం ఈ మార్పులకు స్థానికంగా విద్యాపరమైన ఆధారమయ్యాయి.

ఊకను నీటి శుద్ధికి వాడిన కథ వేరే దారిన నడిచింది. సముద్రం చేరువలోని రేపల్లె, బాపట్ల గ్రామాల్లో భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉండడం వల్ల జనం కాలువ నీటితో నింపిన చెరువులపై ఆధారపడ్డారు. వరద రోజుల్లో ఆ నీరు ఎర్రబడితే పటిక తిప్పేవారు, లేదా కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు. బురద తేరుతుంది గాని, కరిగిన లవణాలు పోవు. ఆనాటి నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు ఎముకలను వంచుతున్నదని 1937లో వైద్యులు ప్రకటించడంతో, కరిగిన దాన్ని తొలగించే పదార్థం కోసం అన్వేషణ మొదలైంది. 1950ల ఆరంభంలోనే ఊకను బొగ్గుగా మార్చి, క్షారంతో శుద్ధిచేసి, పటిక ద్రావణంలో నానబెట్టి వాడవచ్చునని భారతీయ పరిశోధకులు చూపారు. ఇది అధిశోషణం, అంటే రంధ్రాలతో నిండిన పదార్థం ఉపరితలానికి కరిగిన అణువులు అంటుకుపోయే ప్రక్రియ. వెండి కణాలు పూసిన ఊకబూడిదతో పనిచేసే టాటా స్వచ్ఛ్ 2009లో ఇదే వనరును ఇంటి ఫిల్టరుగా అంగడికి తెచ్చింది.

ఇక గడ్డి సంగతి. వరికోత యంత్రం వచ్చాక గడ్డి పొలంలోనే చెదిరిపోయి, తరువాతి పైరుకు అడ్డమైనప్పుడు నిప్పంటించడం సులువైన మార్గమైంది. గడ్డి నుంచి ఇథనాల్ తీసే పానిపట్టు కర్మాగారం 2022లో మొదలైంది. డెల్టాలో మాత్రం గడ్డికి పశువులే ఇంకా పోటీదారులు.

ఊకలోనైతే పోటీ పొయ్యి లోపలే ఉంది. ఊకబూడిదలో అధికభాగం సిలికా. సుమారు 500 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ మధ్య నియంత్రిస్తూ కాలిస్తే అది స్ఫటికం కాకుండా, రంధ్రాలతో, నీటి శుద్ధికి అనువుగా మిగులుతుంది. బాయిలరుకు కావలసినది ఎక్కువ వేడి, ఎక్కువ ఆవిరి. ఆ వేడికి సిలికా స్ఫటికమై తన చురుకును కోల్పోతుంది. అందుచేత ఒకే ఊకతో మంచి ఇంధనమూ మంచి ఫిల్టరూ సాధించాలంటే మిల్లు యజమాని ఆవిరితో పాటు బూడిదకూ వెల కట్టవలసి వస్తుంది.