శ్రీకాకుళం సర్కారు, అరబ్బు తీరం: కంపెనీ ఒడంబడికలపై ఒక పరిశీలన

మన తెలుగు బైబిలులో 'నిబంధన' అనే మాట దేవునికిని ఆయన ప్రజలకును మధ్య జరిగినదానికే గాక, మనుష్యులు మనుష్యులతో చేసుకున్న ఒప్పందాలకు కూడా వాడబడినది. యెహోషువ 9వ అధ్యాయంలో గిబియోనీయులతో జరిగిన నిబంధన అటువంటిది. ఆ అధ్యాయాన్ని బోధించేటప్పుడు మనము తరచుగా గిబియోనీయుల కపటము దగ్గరే ఆగిపోతాము. బలవంతుడు తాను ఇచ్చిన మాటకు ఎంతవరకు కట్టుబడతాడన్నదే అక్కడి అసలు ప్రశ్న అని మా అభిప్రాయం. ఆ ప్రశ్నను మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంత చరిత్రకు, ఇక్కడి సంఘాల బిడ్డలు పనికోసం వెళ్ళే అరబ్బు తీరపు చరిత్రకు వేసి చూడడమే ఈ వ్యాసపు ఉద్దేశ్యం.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. బొబ్బిలి యుద్ధం సంగతి మన పాఠకులకు వివరించనక్కరలేదు. 1757 జనవరిలో ఆ యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే విజయనగర ప్రభువు పెద విజయరామరాజు తన డేరాలో హతుడయ్యాడు. ఆయన తరువాత వచ్చిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారికి ఎదురు తిరిగి, 1758లో విశాఖపట్నాన్ని వారి నుండి పట్టుకొని ఇంగ్లీషువారికి కబురు పంపాడు. బెంగాలు నుండి క్లైవు కర్నల్ ఫోర్డును సైన్యముతో పంపాడు.

రాజుకును ఫోర్డుకును కుదిరిన ఒడంబడికను జాగ్రత్తగా చదవాలి. గెలిచిన లోపలి ప్రాంతాలు రాజువి. రేవులు, నదీముఖాలలోని పట్టణాలు కంపెనీవి. సైన్యపు ఖర్చులకు రాజు నెలకు 50,000 రూపాయలు, అధికారుల ఖర్చులకు మరో 6,000 ఇవ్వాలి. వీటన్నిటికంటె ముఖ్యమైన షరతు మరొకటి ఉన్నది: రాజుకు చెందిన భూములనైనా, ఇంగ్లీషువారికి చెందిన భూములనైనా ఇతరులకు ఇచ్చివేసే ఏ సంధియు ఇరుపక్షాల సమ్మతి లేకుండా చేయరాదు. ఇది సమానులు చేసుకొనే ఒప్పందపు భాష.

1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఫోర్డు వశమైనది. రాజు డబ్బు ఇవ్వడంలో ఆలస్యం చేసి ఫోర్డును విసిగించిన మాట నిజమే, దానిని దాచనక్కరలేదు. అయినా ఆ మే నెలలో జరిగినది చూడండి. ఫోర్డు సలాబత్ జంగ్‌తో నేరుగా సంధి చేసుకొని మచిలీపట్నాన్ని, దాని చుట్టుపట్ల ప్రాంతాలను కంపెనీకి ఇనాముగా పొందాడు. ఆ సంధిలో ఆనందరాజు పేరు ఉన్నది. ఆ సంవత్సరపు వసూళ్ళకు ఆయనను లెక్క అడగరాదనియు, ఇకముందు ఆయన తన తండ్రి తాతల వలె పేష్కషు చెల్లించుకోవాలనియు అందులో వ్రాశారు. అంటే ఆయనను గూర్చి మాట్లాడుకున్నారు గాని, ఆయన అందులో ఒక పక్షము కాడు. ఆరు నెలల క్రితపు మిత్రుడు ఇప్పుడు ఒక షరతు మాత్రమే.

ఆ తరువాతి దారి సూటిగా సాగినది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం వద్ద కంపెనీ ఫర్మానా పొందినది. 1766 నవంబరులో నిజాం అలీతో సంధి చేసుకొని సర్కారులకు ఏటా సొమ్ము కట్టడానికి ఒప్పుకున్నది. అందులో శ్రీకాకుళం సర్కారు వంతు 2 లక్షల రూపాయలు. అలహాబాదులోను హైదరాబాదులోను ఉన్నవారు ఇచ్చారు, మద్రాసువారు పుచ్చుకున్నారు. వంశధార, నాగావళి ఒడ్డున దున్నే రైతు మాట సరే, విజయనగరం రాజు సంతకము కూడా దానికి అవసరం కాలేదు. 1794 జూలై 10న పద్మనాభం వద్ద, పేష్కషు బకాయిల తగాదాలో, చిన విజయరామరాజు కంపెనీ సిపాయిల తుపాకులకు బలియైనాడు. ఫోర్డును ఆదరించిన సంస్థానానికి 36 సంవత్సరాలలో దక్కినది ఇది. మరి 11 సంవత్సరాలకు, 1805లో, లండన్ మిషనరీ సొసైటీవారైన క్రాన్, దే గ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. తెలుగు సువార్తల అనువాదానికి మనము వారికి ఋణపడి ఉన్నాము. అయితే వారు దిగిన రేవు ఎవరి చేతికి ఎట్లు వచ్చినదో సంఘచరిత్ర తరగతిలో చెప్పకపోవడం లోపమే.

ఇక అరబ్బు తీరం. బ్రిటిషు ఇండియా ప్రభుత్వపు ఒప్పందాలను ఐచిసన్ అనే అధికారి సంపుటాలుగా కూర్చాడు. నిజాముతో జరిగిన సంధులు, అరబ్బు షేకులతో జరిగినవి ఆ గ్రంథమాలలోనే ఉన్నాయి. ఎందుకంటే ఆ తీరపు వ్యవహారాలు కూడా ఇండియా నుండే నడిచేవి. 1819 చివర బొంబాయి నుండి వెళ్ళిన సైన్యం రాస్ అల్ ఖైమాను పడగొట్టినది; 1820 జనవరిలో షేకులు సముద్రశాంతి ఒడంబడికపై సంతకాలు చేయడం మొదలుపెట్టారు. 1853లో దానిని శాశ్వతము చేశారు. 1892లో వారు ఇచ్చిన మాట ఏమనగా, బ్రిటనుతో తప్ప మరే ప్రభుత్వముతోను వ్యవహరించము, మరెవరికిని భూమి ఇవ్వము. 1899లో కువైట్ షేకు ముబారక్ అటువంటి మాటే రహస్యంగా ఇచ్చి 15,000 రూపాయలు పుచ్చుకున్నాడు. 1913లో బ్రిటిషు ప్రభుత్వము సూచించినవారికి తప్ప చమురు హక్కు ఇవ్వనని కూడా వ్రాసి ఇచ్చాడు. అక్కడ చమురు బయటపడినది 1938లో.

1758 నాటి షరతును దీని ప్రక్కన పెట్టి చూడండి. అక్కడ ఇరుపక్షాల సమ్మతి కావాలి. ఇక్కడ ఒక్కరి సమ్మతి చాలు. మన తీరంలో మాట తప్పవలసి వచ్చినది. అక్కడ, తప్పనవసరం లేకుండా, ముందే వ్రాయించుకున్నారు. షేకులకు దక్కినది కూడా లేకపోలేదు. వారి వంశాలు నిలిచాయి, 1961లో కువైట్, 1971లో తక్కిన ఎమిరేట్లు ఆ ఒప్పందాల నుండి బయటపడ్డాయి. నేడు ఉద్దానం నుండి, ఇచ్ఛాపురం నుండి పనికి వెళ్ళే మన యౌవనస్థుడు దిగేది ఆ దేశాలలోనే. అతడు సంతకము పెట్టే కాగితము అతనికి రాని భాషలో ఉండవచ్చును. వెళ్ళక ముందే దానిని చదివించి చెప్పగలవాడు ఊరిలో చాలాసార్లు పాస్టరు ఒక్కడే.

గిబియోను సంగతి యెహోషువతో ముగియలేదు. కపటముతో పొందినదైనను ఆ ప్రమాణాన్ని ఇశ్రాయేలు పెద్దలు నిలుపుకున్నారు. సౌలు దానిని మీరాడు. 2 సమూయేలు 21లో మూడేండ్ల కరవు వచ్చినప్పుడు దావీదు గిబియోనీయులనే పిలిపించి, మీకు నేనేమి చేయవలెనని అడుగుతాడు. ఆ అధ్యాయంలో తరువాత జరిగిన ఏడుగురి మరణము కష్టమైన విషయం, దానికి వేరే వ్యాసమే కావాలి. ఇక్కడ మేము చూసేది ఆ ప్రశ్నను. మాట తప్పబడినవానిని పిలిచి అడగడం. సర్కారులపై కట్టవలసిన ఏటా సొమ్మును కంపెనీ 1823లో ఏకమొత్తమిచ్చి వదిలించుకున్నది. అప్పుడు కూడా బేరము నిజాముతోనే జరిగినది.