తొప్పూరు దిగుడు

2024 జనవరి 24, బుధవారం సాయంత్రం. తమిళనాడు ధర్మపురి జిల్లా, తొప్పూరు ఘాట్‌లోని జంట వంతెన. ‘రెట్టై పాలం’ అంటారు అక్కడివాళ్లు. సీసీ కెమెరాలో బండ్లు వాటిదారిన అవి పోతున్నాయి. వెనక నుంచి ఒక లారీ వచ్చింది. ముందు పోతున్న లారీని గుద్దింది. అది వెళ్లి దాని ముందున్న లారీకి తగిలింది. ఒక లారీ వంతెన అంచు దాటి కింద పడింది. మధ్యలో ఇరుక్కున్న కార్లు నుజ్జయ్యాయి, మంటలు లేచాయి. నలుగురు చనిపోయారు, ఎనిమిదిమంది గాయపడ్డారు. అప్పటి ధర్మపురి ఎంపీ సెంథిల్‌కుమార్ ఆ వీడియోను సోషల్ మీడియాలో పెట్టడంతో దేశమంతా చూసింది.

అక్కడ అది మొదటిది కాదు. 2020 డిసెంబర్ 12న ఇదే ఘాట్‌లో నిలిచిపోయిన వాహనాల మీదికి సిమెంటు లోడు లారీ దూసుకొచ్చింది. పదికి పైగా బండ్లు పాడయ్యాయి, అప్పుడూ నలుగురు పోయారు.

ఇలాంటి ప్రమాదాలకు మనం చదివే కారణం సాధారణంగా ఒకటే: బ్రేకులు ఫెయిల్. ఆ మాటతో నాకు పేచీ ఉంది. బ్రేకు ఫెయిలయ్యేది ఆఖర్న. కెమెరాకు చిక్కేది ఆ ఆఖరి ముక్కే. దానికి ముందు వాలులో ఏం జరుగుతుందో తెలియాలంటే పైకి వెళ్లాలి, అదియమాన్‌కోట్టై దాకా.

అదియమాన్‌కోట్టై అంటే సంగం కాలం నాటి అదియమాన్ నెడుమాన్ అంజి పేరు మోస్తున్న ఊరు. దొరికిన అరుదైన ఉసిరికాయను తాను తినకుండా కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చిన రాజు ఆయనే. ఇప్పుడు ఊరి పేరు ఎక్కువగా వినిపించేది కాలభైరవుడి గుడి వల్ల. బహుళాష్టమి నాడు బూడిద గుమ్మడికాయల్లో దీపాలు పెట్టడానికి జనం బారులు తీరతారు. లారీవాళ్లకు మాత్రం ఇది ఒక జంక్షను. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగళూరు, కృష్ణగిరి మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి, హోసూరు నుంచి రాయకోట, పాలక్కోడు మీదుగా వచ్చే 844వ నంబరు రహదారి ఇక్కడే కలుస్తాయి. మన సిమెంటు, బియ్యం, మిర్చి కేరళకు పోయే దారి ఇదే. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా శబరిమల స్వాముల బండ్లూ ఇటే. ఇక్కణ్నుంచి సేలం వైపు సాగితే భూమి కిందికి జారుతుంది.

ఇప్పుడొక లారీని తీసుకుందాం. ఇది ఆ రెండు ప్రమాదాల్లోని లారీ కాదు. వాటి డ్రైవర్లు పైన ఏం చేశారో ఇక్కడ చెప్పడం లేదు. దీనికి నంబరు లేదు, పేర్లు లేవు. ఈ రోడ్డు మీద అలవాటుగా జరిగేదాన్ని లారీలో కూర్చోబెట్టానంతే. లోడుతో కలిపి నలభై టన్నులు. టోల్‌గేటు దాటింది. రోడ్డు బాగుంది, నున్నగా ఉంది. డ్రైవరు క్లచ్ తొక్కి గేరు రాడ్డును మధ్యకు, అంటే న్యూట్రల్‌కు, లాగాడు. పక్కన క్లీనరు.

‘‘మామా, డౌనొచ్చింది. గేర్లో దింపు మామా.’’

‘‘డీజిలు మీ నాయన పోస్తాడంట్రా? గమ్మునుండు.’’

ఇంజను మోత తగ్గింది. స్పీడు 40. లారీ హాయిగా పోతోంది. ప్రమాదం ఆ హాయిలోనే ఉంది.

చలనం లెక్కలు పుట్టిందే వాలు మీద. పైనుంచి పడే వస్తువు మరీ వేగంగా పడిపోతుంది, కొలవడానికి చిక్కదు. అందుకని గెలీలియో చెక్కలో గాడి తీయించి, దాన్ని కొంచెం వాల్చి, కంచు గుండును దొర్లించాడు. కాలాన్ని కారిన నీటి బరువుతో కొలిచాడు. మొదటి క్షణంలో గుండు ఒక వంతు దూరం పోతే, రెండో క్షణంలో మూడు వంతులు, మూడో క్షణంలో అయిదు. 1638లో అచ్చయిన ఆయన చివరి పుస్తకంలో ఉంది ఈ లెక్క. వాలు తగ్గిస్తే పని నెమ్మదిగా జరుగుతుంది, లెక్క మాత్రం మారదు.

మన లారీకి అదే వేసి చూద్దాం. నూరు మీటర్లకు మూడు మీటర్లు దిగే వాలు అనుకోండి. టైర్ల రాపిడి, ఎదురుగాలి తీసేస్తే స్పీడు ఒక్కో సెకనులో గంటకు ఒక కిలోమీటరు కూడా పెరగదు. ఒంటికి తెలియదు. సీట్లో వెనక్కి నెట్టినట్టుండదు, కడుపులో కదలిక ఉండదు. కానీ అది ఆగకుండా పెరుగుతుంది. కిలోమీటరు దిగేసరికి, సుమారు ఒక్క నిమిషంలో, ముల్లు 80 దాటుతుంది. రెండో కిలోమీటరు చివర నూరు దగ్గరికి పోతుంది. 40 నుంచి 80కి వేగం రెట్టింపే, లారీలో నిండిన శక్తి మాత్రం నాలుగు రెట్లు.

‘‘మామా, ముందర బండ్లు ఆగినట్టున్నాయి.’’

డ్రైవరు బ్రేకు తొక్కాడు. పట్టింది. స్పీడు కొంచెం తగ్గింది. కాలు తీశాడు, మళ్లీ పెరిగింది. మళ్లీ తొక్కాడు.

ఇక్కడ జరిగేది ఇది. ఆ వాలులో నలభై టన్నులను 40 స్పీడు మీదే నిలపాలంటే సుమారు నూరు కిలోవాట్లను ఎవరో ఒకరు మింగాలి. నూరు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి కాలుతున్నట్టు. గేరులో ఉంటే అందులో మంచి వాటా ఇంజను మింగేది. న్యూట్రల్‌లో అదంతా డ్రమ్ముల మీద పడుతుంది. 80లో అయితే దాదాపు రెండు నూర్లు. డ్రమ్ము కాలి ఉబ్బుతుంది, లోపలి లైనింగుకు దూరంగా జరుగుతుంది. లైనింగు వేడెక్కి పట్టు తప్పుతుంది. మాడిన వాసన కేబిన్లోకి వస్తుంది. డీజిలు మిగులుతుందని ఇంజను కూడా ఆపేసినవాడికి ఇంకో దెబ్బ: కంప్రెసరు తిరగదు. తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో గాలి తగ్గుతుంది, మళ్లీ నిండదు. పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది.

‘‘గేరెయ్ మామా!’’

వేయబోయాడు. పళ్లు కర్రుమన్నాయి, పడలేదు. 80 మీద పరుగెత్తే లారీకి చిన్న గేరు పడదు. వాలు నెత్తిన పడాల్సిన గేరది.

ఆ స్పీడులో లారీ సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు లారీ వెనక ఎర్ర దీపం చూసి కాలు కదిపేలోపే ముప్ఫై మీటర్లు గడిచిపోతాయి. ఎదురుగా వంతెన. పక్కకు కోద్దామంటే గోడ, దాని అవతల లోయ. కొన్ని దేశాల్లో ఇలాంటి దిగుళ్ల పక్కన కంకర నింపిన ఎదురెక్కుడు దారులు కడతారు. బ్రేకు పోయిన బండి అందులోకి దూరి కూరుకుని ఆగుతుంది. అలాంటిది లేనిచోట బండిని ఆపేది ముందున్న బండే.

మన దగ్గరా, 2018 సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవైమందికి పైగా చనిపోయారు. వందమందికి పైగా ఎక్కిన బస్సది. అదనంగా ఎక్కిన ప్రతి మనిషి బరువునూ అవే బ్రేకులు మోయాలి. మన ఘాట్లకైనా తొప్పూరుకైనా లెక్క ఒకటే.

తొప్పూరులో వాలును, వంకరను తగ్గించేలా ఎత్తైన కొత్త రహదారి కట్టాలన్న డిమాండు వినిపిస్తూ వచ్చింది. అది న్యాయమైన డిమాండే. దారి గీసినవాళ్ల తప్పును డ్రైవరు నెత్తిన రుద్ది చేతులు దులుపుకోవడం కుదరదు. తెల్లారేలోపు సరుకు చేర్చాలని, డీజిలు మిగిలితేనే బత్తా అని బండి అప్పగించే ఓనర్లను కూడా ఈ లెక్కలోంచి తీసేయలేం.

డీజిలు సంగతి మాత్రం ఆ డ్రైవరుకు ఎవరూ సరిగా చెప్పలేదు. పాత పంపు ఇంజన్ల కాలపు అలవాటది. ఇప్పటి లారీల్లో ఇంజనుకు డీజిలు ఎప్పుడు పంపాలో కంప్యూటరు చూసుకుంటుంది. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే దిగుడులో చక్రాలే ఇంజనును తిప్పుతాయి, డీజిలు చుక్క కూడా పోదు. న్యూట్రల్‌లో పెడితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిలు కాలుతూనే ఉంటుంది.