వేగం వదిలేసిన దారుల్లో

జపాన్ ఖరీదైన దేశమని పేరు. ఆ పేరున్న దేశంలోనే, చేతిలో పెద్దగా డబ్బు లేకుండా వందల మైళ్ళు తిరిగి రావడమనేది మూడు శతాబ్దాలకు పైబడిన అలవాటు. ఉత్తరాన హొక్కయిదో దీవిలోని సోయా అగ్రం నుంచి దక్షిణాన క్యూషూ దీవిలోని సాతా అగ్రం దాకా రోడ్డు మీద సుమారు 2,700 కిలోమీటర్లు. వీపున సంచితో ఆ పొడవంతా దాటాలనే కోరిక ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిందే గానీ, దానికి కావలసిన సరంజామా, అంటే చవక బస, అనుమతి, దారిలో ఆదుకునే జనం, చాలా ముందే సిద్ధమైంది.

తోకుగావా షోగన్లనే సైనిక పాలకుల కాలంలో మామూలు మనిషి దూరం వెళ్ళాలంటే అనుమతి చీటీ ఉండాలి. హకొనె, అరయి వంటి చోట్ల తనిఖీ ఠాణాలుండేవి. నేటి టోక్యో అయిన ఎదో నగరంలోకి వచ్చే తుపాకులనూ, అక్కణ్ణుంచి బయటికి వెళ్ళే స్త్రీలనూ ప్రత్యేకంగా సోదా చేసేవారు. సామంత ప్రభువుల భార్యలు అక్కడ ఒకరకంగా తాకట్టులో ఉండేవాళ్ళు మరి. ఊరికే తిరిగొస్తానంటే చీటీ దొరకడం కష్టం. ఇసె క్షేత్రానికి మొక్కు తీర్చుకోవాలంటే మాత్రం ఎవరూ కాదనలేరు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని లోకం చూసి రావడం ఒక్క మన సొత్తేమీ కాదు.

చీటీ కూడా లేకుండా, యజమానికి చెప్పకుండా, అమ్మానాన్నల కన్నుగప్పి పారిపోయే కుర్రాళ్ళ యాత్రకు ‘నుకేమైరి’ అని పేరు. దర్శనం చేసుకుని తిరిగొస్తే శిక్షించకపోవడం ఆనవాయితీ. చేతిలో పొడుగు కాడ ఉన్న చెక్క ముంత ఒకటి ఉంటే చాలు. అది చూసి దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు బియ్యమో చిల్లరో వేసేవారు. కొన్నేళ్ళకోసారి ఈ యాత్ర జనసంద్రంగా పొంగేది. 1830లో షికోకు దీవిలోని అవా ప్రాంతంలో మొదలైన పొంగులో నలభై లక్షలమందికి పైగా కదిలారని అంచనా. అప్పటి దేశ జనాభా మూడు కోట్ల చిల్లర.

ఎదోకూ క్యోటోకూ మధ్య తోకైదో బాట మీద 53 మజిలీలు. భోజనం పెట్టే పూటకూళ్ళ బసలు డబ్బున్నవారికి. లేనివారికి ‘కిచిన్ యదో’. అక్కడ కట్టెల ఖరీదు ఇస్తే చాలు. బియ్యం తెచ్చుకుని ఎవరికి వారు వండుకుని, ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కన చాప మీద ఒరగాలి. ఉమ్మడి వంటిల్లు, వరస పడకలు ఉన్న నేటి హాస్టళ్ళను చూసి విదేశీ సరుకు అనుకునేవాళ్ళు ఈ బసలను మరిచిపోతున్నారు.

1869లో ఠాణాలు ఎత్తేశారు. 1872లో టోక్యో, యోకొహామాల మధ్య మొదటి రైలు నడిచింది. 1889కల్లా తోకైదో మార్గం కోబె దాకా పూర్తయి, రెండు వారాల నడక ఒక్క రోజులోకి ముడుచుకుంది. కాలిబాట మజిలీలు చాలావరకు చితికిపోయాయి. అప్పటినుంచి ఈ కథ ఒకే తీరున సాగుతోంది. కొత్త వేగం వచ్చిన ప్రతిసారీ పాత నెమ్మది వెనక మిగిలిపోతుంది. డబ్బు లేని ప్రయాణికుడు బతికేది ఆ మిగులు మీద.

1964 అక్టోబరు 1న షింకాన్సెన్ అనే బుల్లెట్ రైలు మొదలై, టోక్యో నుంచి ఒసాకాకు నాలుగు గంటల ప్రయాణం అయింది. పాత పట్టాలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటి మీద రాత్రిపూట పాసింజరు బళ్ళూ ఉన్నాయి. అరవయ్యో దశకం చివర్లో విద్యార్థులు వాటి మీద పడ్డారు. భుజాలకు ఇరువైపులా పొడుచుకొచ్చే వెడల్పాటి కాన్వాసు సంచులు వాళ్ళవి. రైలు తలుపులోంచీ, టికెట్ గేటులోంచీ దూరాలంటే పక్కకు తిరిగి నడవాల్సిందే. అందుకే జనం వాళ్ళకు ‘పీతల జాతి’ అని పేరు పెట్టారు. ప్రభుత్వ రైల్వే ఒక ప్రాంతమంతా తిరగడానికి అమ్మిన రాయితీ టికెట్టే వాళ్ళ ఆస్తి. గది అద్దె దండగని రాత్రి బండెక్కి నిద్రపోవడం, నడిరాత్రి ఏదో స్టేషన్లో దిగి ఎదురొచ్చే బండిలో వెనక్కి రావడం, తెల్లారేసరికి బయలుదేరిన ఊళ్ళోనే కళ్ళు తెరవడం వాళ్ళ విద్య. హొక్కయిదో వాళ్ళకు కాశీ లాంటిది.

రైలులో పడుకోని రాత్రులకు యూత్ హాస్టళ్ళుండేవి. 1951లో జపాన్‌లో వీటి సంఘం ఏర్పడింది. మందు నిషేధం, ఎవరి కంచం వారే కడుక్కోవాలి, భోజనాలయ్యాక అందరూ కూర్చుని పాడాలి. నిర్వాహకుణ్ణి ‘పేరెంట్’ అనేవారు. ఈ క్రమశిక్షణ నచ్చనివారు పెరిగేకొద్దీ హాస్టళ్ళు మూతపడుతూ వచ్చాయి. ఉత్తరాన రెబున్ దీవిలోని మొమొయివాసో ఒకటి మాత్రం ఆ పాటల సంప్రదాయాన్ని పట్టువదలక నిలబెట్టుకుంది.

1970లో ఒసాకా ప్రపంచ ప్రదర్శన ముగిశాక, బోసిపోయిన బళ్ళను నింపుకోవడానికి రైల్వే ‘డిస్కవర్ జపాన్’ ప్రచారం ఎత్తుకుంది. అంతదాకా ఒంటరి ప్రయాణం మగపిల్లల వ్యవహారం. ఆ ప్రచారమూ, కొత్తగా వచ్చిన స్త్రీల పత్రికలూ కలిసి అమ్మాయిలను ఊరు దాటించాయి.

పొడవు దాటడాన్నే ఒక పనిగా పెట్టుకున్న ఇద్దరు ఈ దశకంలో కనిపిస్తారు. మియవాకి షున్‌జో అనే రచయిత 1978లో హొక్కయిదోలోని హిరోఒ నుంచి క్యూషూలోని మకురజాకికి, ఒకే స్టేషన్ రెండుసార్లు తగలకుండా, వీలైనంత చుట్టు తిరిగి వెళ్ళే ఒకవైపు టికెట్ కొన్నాడు. మూడు వేల కిలోమీటర్ల లోపు దూరం 13,000 దాటింది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గే పట్టికను అంత సరదాగా వాడుకున్నవారు మరొకరు లేరు. అంతకు ముందు ఏడాది ఎలన్ బూత్ అనే ఇంగ్లీషువాడు సోయా నుంచి సాతాకు కాలినడకన 128 రోజుల్లో వెళ్ళాడు. అతను చక్కటి జపనీస్ మాట్లాడుతున్నా, పల్లె సత్రాల వాళ్ళు విదేశీయుడితో ఎలా మాట్లాడాలో తెలియక గది ఇవ్వడానికి తటపటాయించేవారు. 1985లో వచ్చిన అతని పుస్తకం విదేశీ సంచిధారులు చాలామందికి దారి చూపింది.

ఇంతలో రైల్వే అప్పుల్లో కూరుకుపోయింది. 1987లో ముక్కలై ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళేనాటికి ఆ భారం 37 లక్షల కోట్ల యెన్‌లు. చవక ప్రయాణికులకు దక్కిన గొప్ప వరం ఆ దివాళా రోజుల్లోనే పుట్టింది. బడి సెలవుల్లో ఖాళీగా తిరిగే పాసింజరు బళ్ళ కోసం 1982లో 8,000 యెన్‌లకు ఒక టికెట్ పెట్టారు. దేశంలోని ప్రభుత్వ రైళ్ళలో ఎక్స్‌ప్రెస్ కానిది ఏదైనా ఎక్కొచ్చు, అయిదు రోజులు. మరుసటేడు దాని పేరు ‘సెయిషున్ 18’గా స్థిరపడింది. పద్దెనిమిదేళ్ళ యవ్వనం పేరున ఉన్నా వయసు పరిమితి లేదు, అరవై దాటినవాళ్ళూ కొన్నారు. 1988 మార్చిలో సముద్రం అడుగున సెయికాన్ సొరంగం, ఏప్రిల్లో షికోకు వంతెన తెరుచుకోవడంతో నాలుగు పెద్ద దీవులూ పట్టాలతో కలిశాయి. అప్పుడిక పడవ ఎక్కకుండా, ఒకే చవక టికెట్టు మీద దేశం పొడవంతా ప్రయాణం చేయగలిగారు. నా దృష్టిలో ఈ చరిత్రకు అదే శిఖరం.

దిగుడు మెల్లగా మొదలైంది. షింకాన్సెన్ ఎటు సాగితే అటు దాని పక్కనున్న పాత మార్గాన్ని రైల్వే కంపెనీలు వదిలించుకుని స్థానిక సంస్థలకు అప్పగించాయి. వాటిలో చాలా దూరం సెయిషున్ 18 చెల్లదు. పాత మిగులునే వేగం మింగడం ఇదే మొదలు. 2016లో షింకాన్సెన్ సొరంగం దాటి హకొదాతె సమీపానికి చేరింది. అదే నెలలో అవొమొరి, సప్పొరోల మధ్య నడిచే రాత్రి బండి ‘హమనసు’ ఆగిపోయింది, సొరంగం దాటడానికి అదనంగా ఇంకో టికెట్ అవసరమైంది. టోక్యో నుంచి ఒగాకికి నడిచే ‘మూన్‌లైట్ నగరా’ 2020 తర్వాత మళ్ళీ కనబడలేదు. రాత్రి బస్సులు ఆ ఖాళీని నింపాయి. వాటి చవకకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో 2012లో కాన్-ఎత్సు రహదారి మీద డ్రైవరు కునికి ఏడుగురు చనిపోయాక బయటపడింది. మరుసటేడు నిబంధనలు బిగించారు.

బసల కథ వేరు. 1979లో ఒసాకాలో మొదటి క్యాప్సూల్ హోటల్ వచ్చింది. అంతకన్నా ఆసక్తికరం టోక్యోలోని సాన్యా. ఒకప్పటి కిచిన్ యదోల పేట అది, తర్వాత దినకూలీల ఇరుకు గదుల వాడ. 1966లో ఆ పేరునే పటాల్లోంచి తీసేశారు. కూలీలు ముసలివాళ్ళై గదులు ఖాళీ అవుతుంటే, 2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్ నాటినుంచి యజమానులు విదేశీ కుర్రాళ్ళకు తలుపులు తీశారు.

ఆ విదేశీయులకు 1981 నుంచీ విడిగా రైల్ పాస్ ఉంది. 2023 అక్టోబరులో దాని ఏడు రోజుల ధర 29,650 నుంచి 50,000 యెన్‌లకు ఎగబాకింది. 2024 చలికాలం నుంచి సెయిషున్ 18ను వరస రోజుల్లోనే వాడాలన్నారు, పలువురు పంచుకునే వీలూ పోయింది. సప్పొరోకు షింకాన్సెన్ వేస్తున్నారు, అది ఏళ్ళ తరబడి ఆలస్యమవుతోంది. అది వచ్చేనాటికి ఒషమంబె, ఒతరుల మధ్య కొండల్లోంచి వెళ్ళే పాత పట్టాలను తీసేసి బస్సులు నడపాలని 2022లో తేల్చారు. ఇప్పుడు ఆ బస్సులకు డ్రైవర్లు దొరకడం లేదు.