కుప్పంలో ఆ 45 నిమిషాలు

2023 జనవరి 27. టీడీపీ నేత నారా లోకేశ్ యువగళం పాదయాత్ర కుప్పంలో మొదలైన రోజు. మసీదు దగ్గర జనం కిక్కిరిశారు. ఆ రద్దీలో సినీ నటుడు నందమూరి తారకరత్న సొమ్మసిల్లి పడిపోయారు. ఆయనకింకా 40 నిండలేదు. ఆ వయసు మనిషి పడిపోతే కళ్లు తిరిగాయేమో అనుకుంటాం. ఆగింది గుండె.

దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చేసరికి నాడి అందలేదు. వైద్యులు రొమ్ము నొక్కుతూ రక్తం ఆడించే సీపీఆర్ మొదలుపెట్టారు.

చూడటానికి తేలిగ్గా కనిపించే పని కాదది. రెండు చేతులూ ఒకదానిపై ఒకటి వేసి, రొమ్ము ఎముక మీద ఆనించి, మోచేతులు వంగకుండా 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రెండు నిమిషాలకే నొక్కేవాళ్ల భుజాలు లాగేస్తాయి, పక్కవాళ్లు అందుకోవాలి. చెయ్యి ఆగిందా, మెదడుకు అందే ఆ కాస్త రక్తమూ ఆగిపోతుంది. కుప్పంలో ఆ పోరాటం 45 నిమిషాలు సాగింది.

గుండె మళ్లీ కొట్టుకుంది!

అంతసేపు ఎందుకు, పావుగంటకే ఆశ వదులుకోవచ్చుగా అనేవాళ్లుంటారు. అమెరికాలో 64 వేల మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించి 2012లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం చూడండి: ఎక్కువసేపు ప్రయత్నించే ఆసుపత్రుల్లోనే ఎక్కువ మంది బతికారు. అందులోనూ పూడుకుపోయిన రక్తనాళం వల్ల ఆగిన గుండైతే, ఆ పూడిక తీసే దారి ఉంది. అక్కడిదాకా మనిషిని నిలబెట్టడానికే ఈ తంటాలన్నీ. ఫలితం దక్కని రోజులూ ఉన్నాయి. 2022 ఫిబ్రవరి 21న మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డికి హైదరాబాద్ అపోలోలో 90 నిమిషాలకు పైగా సీపీఆర్ చేశారు. దక్కలేదు. ఆ 90 నిమిషాలు వృథా అని నేననను.

తర్వాత తారకరత్నను కుప్పం పీఈఎస్ ఆసుపత్రికి మార్చి, గుండెకు ఆసరాగా బెలూన్ పంపు అమర్చారు. నారాయణ హృదయాలయ వైద్యులు బెంగళూరు నుంచి వచ్చి చేయి కలిపారు. బాబాయి బాలకృష్ణ అక్కడే ఉన్నారు. ఆ రాత్రే రోడ్డు మార్గాన బెంగళూరుకు తరలించారు.

గుండె ఓపిక పట్టినంతగా మెదడు పట్టదు. రక్తం అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే నా బాధంతా ఆసుపత్రి గుమ్మానికి ఇవతలి నిమిషాల గురించే. తిరువూరు దగ్గర వినగడపలో ఓ రైతు పొలంలో కుప్పకూలితే, 108కు ఫోన్ చేసి ఊరుకుంటే సరిపోదు. బండి వచ్చేదాకా ఆ గుండె మీద ఎవరో ఒకరి చేతులుండాలి. మన పల్లెల్లో అది నేర్పేవాళ్లేరీ? బడిలో, పంచాయతీ ఆఫీసులో ఒక్క పూట నేర్పినా చాలు.

బెంగళూరులో మూడు వారాలు గడిచాయి. మెదడు దెబ్బతిందని బంధువు, అప్పటి ఎంపీ విజయసాయిరెడ్డి విలేకరులకు చెప్పారు. ఫిబ్రవరి 18న, మహాశివరాత్రి నాడు తారకరత్న కన్నుమూశారు. ఇంకో నాలుగు రోజులైతే ఆయన 40వ పుట్టినరోజు.