శిక్షల లెక్కలు - చుండూరు పాఠం

అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసుల్లో నూటికి డెబ్బై కొట్టేస్తున్నారంటే అవన్నీ దొంగ కేసులే గదా అనే మాట మనం ఎన్నోసార్లు విన్నాం. రచ్చబండ దగ్గర అంటే సరిపెట్టుకోవచ్చు. కానీ 2018 మార్చి 20న సుప్రీంకోర్టు, ఈ చట్టం కింద అరెస్టు చేయాలంటే ముందు అనుమతి కావాలని చెప్పినప్పుడు, ఇలాంటి లెక్కనే ముందు పెట్టుకుంది. 2015లో కోర్టులు తేల్చిన కేసులు 15,638. శిక్ష పడ్డవి 4,119. కొట్టేసినవి 11,024. వెనక్కి తీసుకున్నవి 495.

ఈ అంకెలు తప్పని మేము అనడం లేదు. వాటిని చదివే తీరు మీదే మా పేచీ. కొట్టివేత అనే ఒక్క ఖానాలో ఎన్ని రకాల కేసులు పడతాయి? సాక్షి ఎదురు తిరిగినవి, దర్యాప్తును డీఎస్పీకి బదులు కింది అధికారి చేశాడని పోయినవి, కుల ధ్రువపత్రం జతచేయక పోయినవి, అన్నీ అందులోనే. ఎవరి పొలంలో కూలికి పోతే పొయ్యి వెలుగుతుందో, వాళ్ల మీదే బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. ఆ భయానికి పట్టికలో ఖానా లేదు.

శిక్ష పడ్డ లెక్కయినా నిలకడగా వుంటుందా? చుండూరు చూద్దాం. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. మనవాళ్లు కొట్లాడి ఆ వూళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. పదహారేళ్లకు, 2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, 123 మంది విడుదల. కేసుల లెక్కన ఇది శిక్ష పడ్డ ఒక కేసు. మనుషుల లెక్కన విడుదలైనవాళ్లే ఎక్కువ. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. అదే జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే యిచ్చింది. ఏ రోజున లెక్క తీస్తే ఆ రోజుకొక న్యాయం!

మహారాష్ట్రలోని ఖైర్లాంజిలో 2006 సెప్టెంబరు 29న ఒకే దళిత కుటుంబంలో నలుగురిని చంపారు. 2008లో భండారా కోర్టు ఆరుగురికి వురి, ఇద్దరికి యావజ్జీవం వేసింది. అయినా దీన్ని కులం పేరిట జరిగిన నేరమని వొప్పుకోలేదు. 2010లో హైకోర్టు వురిని 25 ఏళ్ల జైలుగా మార్చింది. అంత పెద్ద శిక్ష పడినా అత్యాచారాల చట్టం పద్దులో శిక్షల అంకె పెరగలేదన్నమాట.

2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టే తన 2018 ఆంక్షలను వెనక్కి తీసుకుంది. ఈలోగా 2018 ఏప్రిల్ 2 భారత్ బంద్‌లో ప్రాణాలే పోయాయి. ఒక అంకెను తప్పుగా చదివితే అయ్యే ఖర్చు అది.

మా యిళ్లల్లో కోర్టు కాగితం చదవగలిగిన మొదటి తరం మేము. అందుకే కార్యకర్తలనూ విద్యార్థులనూ అడుగుతున్నాం. శాతాలతో ఆగొద్దు. ఒక్కో కేసుకూ ఫిర్యాదు ఎప్పుడు రాసుకున్నారు, దర్యాప్తు ఎవరు చేశారు, సాక్షి ఎవరి దగ్గర బతుకుతున్నాడు, అప్పీలు ఏమయింది అని రాసి పెట్టండి. మన లెక్క మనం రాసుకోకపోతే వాళ్ల లెక్కే చరిత్ర అవుతుంది.